మన ఎత్తుకు తగ్గ పని బల్ల

(మహిళా సంఘం సమావేశంలో ఒక అక్క మాట్లాడిన మాటలివి. ఆమె కుట్టు మిషన్లు బాగుచేస్తుంది. మీరు చదవండి. పక్కవాళ్లకు చదివి వినిపించండి.)



నన్ను మాట్లాడమన్నారు. నాకు ఉపన్యాసాలు రావు. నాకు వచ్చింది మిషన్ల పని. దారం తెగుతున్నా, చక్రం బిగుసుకుపోయినా మీరు మా ఇంటికి వస్తారు. మీలో చాలామంది మిషన్లు నా చేతి మీదుగా పోయినవే.

ఈ రోజు మిషను సంగతి చెప్పను. మిషను పెట్టుకుని పని చేసే బల్ల సంగతి చెబుతాను. "బల్ల గురించి చెప్పేదేముంది?" అని మీరు నవ్వుతున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. అట్లా అనుకున్నందుకే నా నడుము పోయింది. ఒకామె మిషను పగిలింది. ముందు ఆ కథ వినండి.

నేల మీద పని

మన పనులన్నీ నేల మీదే గదా. కత్తిపీట నేల మీద. రోలు నేల మీద. చేట పట్టుకుని కూర్చునేది నేల మీద. నేనూ మిషన్ల పని నేల మీదే మొదలుపెట్టాను. గోనెపట్టా పరిచి, దాని మీద మిషను పడుకోబెట్టేదాన్ని. వంగి చూసేదాన్ని. ఏదైనా చెక్క కొయ్యాలంటే కాలితో తొక్కిపట్టి కోసేదాన్ని.

ఏడేళ్లు అట్లా చేశాను. పొద్దున లేస్తే నడుము పట్టేసేది. మెడ తిరిగేది కాదు. ఒకసారి రంపం జారి కాలి బొటనవేలు తెగింది. అయినా బల్ల చేసుకుందామని తోచలేదు. సైకిలు షాపులో బల్ల ఉంటుంది. దర్జీకి బల్ల ఉంటుంది. ఇంట్లో పని చేసుకునే ఆడదానికి బల్లెందుకు అనుకున్నాను. అది పొరపాటు. పని పనే. షాపులో చేసినా పనే. ఇంట్లో చేసినా పనే. పనికి ఒక చోటు కావాలి.

మొదటి బల్ల

చివరికి 2021లో ఒక బల్ల చేశాను. మా ఆయన బండి పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక మూల నాకిచ్చారు. నాలుగు కర్రలు తెచ్చాను. పైన పలక పెట్టి మేకులు కొట్టాను. చూడటానికి బల్లలాగానే ఉంది. ముట్టుకుంటే కొంచెం ఊగేది. "ఊగితే ఊగనీ" అనుకున్నాను.

సంక్రాంతి ముందు ఒకామె మిషను తెచ్చింది. జాకెట్లు కుట్టి పిల్లల్ని చదివించుకునే మనిషి. నేను ఒక బిగుసుకున్న మరను తిప్పుతున్నాను. బలంగా ఇటు తోశాను. బల్ల అటు వాలింది. మేకులు ఊడాయి. మిషను తల కింద పడింది. అది పోత ఇనుము. పోత ఇనుము వంగదమ్మా. పగులుతుంది. రెండుగా పగిలింది.

ఆమె నన్ను తిట్టలేదు. ఒక మాటే అన్నది. "మిషను సరేనక్కా. పండక్కి ఒప్పుకున్న జాకెట్లు ఎట్లా?" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పాత మిషను తల ఒకటి కొని ఇచ్చాను. మూడు నెలల సంపాదన దానికే పోయింది. పండక్కి మాత్రం ఆమెకు డబ్బు అందలేదు. ఆ అప్పు నేను తీర్చలేను.

చీపురు పుల్లల పాఠం

అప్పుడు మా ఊరి ఆచారి తాత దగ్గరికి పోయాను. జరిగింది చెప్పాను. ఆయన మూడు పుల్లలు, నాలుగు పుల్లలు విడివిడిగా దారంతో కట్టి నా చేతికిచ్చాడు. ఇప్పుడు నేనూ అవే తెచ్చాను. ఇవిగో. ముందు కూర్చున్న వాళ్లు పట్టుకుని చూడండి.

ఇది నాలుగు పుల్లల చట్రం. మూలలు దారంతో కట్టి ఉన్నాయి. పక్కకు తోయండి. చూశారా? వాలిపోయింది. ఇది మూడు పుల్లల చట్రం. దీన్ని తోయండి. వాలదు. ఎంత తోసినా వాలదు. పుల్ల విరగాలి, లేదా ముడి ఊడాలి. అంతేగాని ఆకారం మారదు.

ఇప్పుడు నాలుగు పుల్లల దానికి ఐమూలగా ఒక పుల్ల కడతాను. ఒక మూల నుంచి ఎదురు మూలకు. ఇప్పుడు తోయండి. కదలదు. ఎందుకు? మధ్యలో రెండు ముక్కోణాలు వచ్చాయి.

నా మొదటి బల్లలో లేనిది ఇదే. మా ఇంటి కప్పులోనూ, పందిరి మూలల్లోనూ ఐమూల కర్ర ఉంది. రోజూ చూస్తున్నాను. కాని దాని పని ఏమిటో తెలియలేదు. బల్ల గట్టిదనం లావు కర్రలో లేదు. ఎక్కువ డబ్బులో లేదు. ఐమూల పట్టెలో ఉంది.

ఎత్తు ఎంత?

తాత రెండో ప్రశ్న అడిగాడు. "నీ ఎత్తెంతమ్మా?" అన్నాడు. బల్లకు నా ఎత్తుతో పనేమిటి అనుకున్నాను. పనుంది.

చెప్పులు వేసుకుని నిలబడండి. చేతులు కిందకు వదిలేయండి. నేల నుంచి మణికట్టు దాకా టేపుతో కొలవండి. రంపం పని, సుత్తి పని, బలం పెట్టే పనికి బల్ల ఆ ఎత్తులో ఉండాలి. అప్పుడు చేతుల బలంతో పాటు ఒంటి బరువు కూడా పనికి వస్తుంది. సన్నపని అయితే బల్ల ఇంకా ఎత్తుండాలి. మోచేతి ఎత్తున గాని, కొంచెం పైన గాని ఉండాలి. అప్పుడు మెడ అంతగా వంచక్కర్లేదు.

నేను ఐదు అడుగుల మనిషిని. నా మణికట్టు 29 అంగుళాల ఎత్తున ఉంది. మోచేయి 38 అంగుళాల ఎత్తున ఉంది. మిషను పనిలో కొంత బలం కావాలి. కొంత చూపు కావాలి. అందుకని మధ్యలో 32 అంగుళాలు పెట్టుకున్నాను. మీ కొలత మీది. నా కొలత మీకు పనికిరాదు. బల్ల మనకు సరిపోవాలి. మనం బల్లకు సరిపోవడం కాదు.

కలప కొనడం

కొత్త కలప ఖరీదు. పాత పెంకుటిళ్లు పడగొట్టిన చోట వాసాలు, అటక పలకలు అమ్ముతారు. పాత కలప బాగా ఎండి ఉంటుంది. అంతగా వంకర పోదు. కాని చూసి కొనాలి. మేకుతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే పుచ్చింది. తట్టి చూడండి. డొల్ల మోత వస్తే లోపల చెద తిన్నది. పాత మేకులుంటే అన్నీ పీకేయండి. లేకపోతే రంపం పళ్లు పోతాయి.

కలపను ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. ఆ లెక్క మనకు తెలియాలి. పొడవు అడుగుల్లో రాయండి. వెడల్పు అంగుళాల్లో రాయండి. మందం అంగుళాల్లో రాయండి. మూడూ గుణించండి. వచ్చినదాన్ని 144తో భాగించండి. అంతే.

నేను కొన్నవి ఇవి.

కాళ్లకు వాసం: పొడవు 11 అడుగులు, 3 అంగుళాలు, 3 అంగుళాలు. గుణిస్తే 99.

పట్టెలు: మొత్తం పొడవు 24 అడుగులు, 3 అంగుళాలు, ఒకటిన్నర అంగుళం. గుణిస్తే 108.

అటక పలకలు మూడు: ఒక్కొక్కటి 4 అడుగులు, 8 అంగుళాలు, 1 అంగుళం. మూడూ కలిపి 96.

అన్నీ కలిపితే 303. దాన్ని 144తో భాగిస్తే 2.1 వచ్చింది. అమ్మే ఆయన మూడు ఘనపుటడుగులు అన్నాడు. నేను నోటుపుస్తకం తీసి లెక్క చూపించాను. ఆయన ఒకసారి చూశాడు. మళ్లీ చూశాడు. "సరేనమ్మా, రెండుం పాతిక కూడా లేదు" అన్నాడు. ఘనపుటడుగు 500 చొప్పున 1,050 రూపాయలు తీసుకున్నాడు. మూడు లెక్కయితే 1,500 అయ్యేది. ఆ లెక్క నాకు 450 రూపాయలు మిగిల్చింది. పైగా పెంకుల కింద వేసే సన్న రీపర్లు ఊరికే ఇచ్చాడు. ఐమూల పట్టెలకు అవి సరిపోయాయి.

బోల్టులు, వాషర్లకు 300. ప్లైవుడ్ ముక్కకు 440. మరలు, ఉప్పు కాగితానికి 110. మొత్తం 1,900 రూపాయలు. ఇది 2022లో మా ఊరి ధర. మీ ఊళ్లో ధర వేరుగా ఉండొచ్చు. లెక్క కట్టే పద్ధతి మాత్రం అదే.

బల్ల కట్టడం

నా బల్ల 4 అడుగుల పొడవు. 2 అడుగుల వెడల్పు. ఎట్లా కట్టానో చెబుతాను.

మొదట కాళ్లు కొయ్యాలి. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. బల్ల ఎత్తు 32 అంగుళాలు. కాలు 32 కొయ్యకూడదు. పైన పలక మందం ఒక అంగుళం. దాని మీద ప్లైవుడ్ దాదాపు అర అంగుళం. ఆ ఒకటిన్నర తీసేయాలి. అప్పుడు కాలు ముప్పైన్నర అంగుళాలు. నాలుగు కాళ్లూ పక్కపక్కన పెట్టి ఒకేసారి గీత గీయండి. అప్పుడు తేడా రాదు.

తర్వాత పట్టెలు. పొడుగు పట్టెలు నాలుగు. ఒక్కొక్కటి 44 అంగుళాలు. పొట్టి పట్టెలు ఐదు. ఒక్కొక్కటి 22 అంగుళాలు.

ఇక గాడులు. పట్టె కూర్చునే చోట కాలికి అంగుళం లోతు గాడి తియ్యాలి. ఇది చాలా ముఖ్యం. మేకు మీదో బోల్టు మీదో బరువు వేలాడకూడదు. పట్టె గాడిలో కూర్చోవాలి. బరువు గాడి అడుగు మీద పడాలి. అక్కడి నుంచి కాలి మీదుగా నేలకు పోవాలి. బోల్టు పని పట్టుకోవడమే. మోయడం కాదు.

కాలి పైకొసన పొట్టి పట్టెకు గాడి. దాని కిందనే, పక్క ముఖం మీద పొడుగు పట్టెకు గాడి. రెండూ ఒకే ఎత్తులో తియ్యకండి. తీస్తే అక్కడ కాలు సన్నబడిపోతుంది. నేల నుంచి 8 అంగుళాల ఎత్తున కూడా ఇట్లాగే గాడులు తియ్యాలి. అక్కడ కింది పట్టెలు వస్తాయి. గాడి అంచులు రంపంతో కోసి, మధ్య చెక్కను ఉలితో తీశాను. మొదటి రెండూ వంకరగా వచ్చాయి. మూడో దానికి చెయ్యి కుదిరింది.

ఇప్పుడు బిగించడం. రెండు కాళ్లు నేల మీద పడుకోబెట్టండి. పొట్టి పట్టెలు పైన ఒకటి, కింద ఒకటి పెట్టండి. పట్టెకూ కాలికీ కలిపి ఒకేసారి రంధ్రం చెయ్యండి. 4 అంగుళాల బోల్టు దూర్చండి. రెండు పక్కలా వాషరు వెయ్యండి. వాషరు లేకపోతే నట్టు చెక్కలోకి దిగిపోతుంది. రెండో జతకూ ఇట్లాగే చెయ్యండి. రెండు జతలనూ నిలబెట్టి పొడుగు పట్టెలతో కలపండి. మొత్తం 16 బోల్టులు పడతాయి. ఇంకా గట్టిగా బిగించకండి.

ఒక దారం తీసుకోండి. పై చట్రం ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలవండి. మిగిలిన రెండు మూలలకూ కొలవండి. రెండు కొలతలూ సమానం కావాలి. కాకపోతే చట్రం వంకరగా ఉంది. పొడుగు కొలత వచ్చిన మూలను లోపలికి నెట్టండి. సమానం అయ్యాక బోల్టులన్నీ బిగించండి.

అప్పుడు ఐమూల పట్టెలు. వెనక వైపు ఒకటి. రెండు పక్కలా ఒక్కొక్కటి. ముందు వైపు వద్దు. అక్కడ మన మోకాళ్లు తగులుతాయి. ఈ మూడూ మరలతో బిగించి బల్లను తోసి చూశాను. బల్ల కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. ముందే ఈ మూడు పట్టెలు కొట్టి ఉంటే ఆ మిషను పగిలేది కాదు.

ఐదో పొట్టి పట్టెను మధ్యలో, పొడుగు పట్టెల మీద అడ్డంగా పెట్టాలి. దాని మీద పలకలు పరవాలి. పలకల మధ్య రూపాయి బిళ్ల మందం సందు వదలండి. వానాకాలం చెక్క ఉబ్బుతుంది. సందు లేకపోతే పలక పైకి లేస్తుంది. పలకల మీద ప్లైవుడ్ ముక్క. దాన్ని మరలతోనే బిగించండి. జిగురు వద్దు. నాలుగేళ్లకు అది పాడైతే విప్పి మార్చుకోవచ్చు. మర తల పైకి రాకుండా లోపలికి దిగాలి. చివరికి అంచులు ఉప్పు కాగితంతో రుద్దండి. చీర చిరగదు. చేతికి పేడు గుచ్చుకోదు.

బల్ల ఊగితే కాళ్లు కొయ్యడానికి తొందరపడకండి. చాలాసార్లు తప్పు నేలది. కాలి కింద పలచని బండ ముక్క పెట్టండి.

తర్వాత చేసిన మార్పులు

బల్ల అయిపోయిందని ఊరుకోలేదు. పని చేస్తూ ఉంటే ఏది తక్కువో తెలుస్తుంది. ఒక్కొక్కటీ చేర్చాను.

కింద పట్టెల మీద పెట్టెల చెక్కలు పరిచాను. దాని మీద పది ఇటుకలు పెట్టాను. బరువుకు బల్ల జరగదు.

వెనక అంచుకు రెండు అంగుళాల ఎత్తు పట్టె కొట్టాను. మరలు దొర్లి వెనక పడవు.

ఒక పళ్లెం కింద పాత స్పీకరు అయస్కాంతం అంటించాను. విప్పిన మరలు, సూదులు అందులో వేస్తాను. పళ్లెం తగిలినా చెదరవు. పిల్లల కాళ్లకు సూది గుచ్చుకుంటుందన్న భయం పోయింది.

మిషను తల పడుకోబెట్టడానికి చెక్క చట్రం చేశాను. లోపల పాత దుప్పటి గుడ్డ అంటించాను. ఇప్పుడు మిషను దొర్లదు.

సంపాదించిన డబ్బుతో పాత వైసు కొన్నాను. దాన్ని సరిగ్గా ముందు కాలి పైన బిగించాను. మధ్యలో బిగిస్తే సుత్తి దెబ్బకు పలక అదురుతుంది. కాలి పైన అయితే దెబ్బ నేలకు పోతుంది.

గోడకు ఒక పలక కొట్టి పనిముట్లు వేలాడదీశాను. ఏది ఎక్కడుండాలో పలక మీద దాని బొమ్మ గీశాను. సాయంత్రం ఖాళీ బొమ్మ కనబడితే ఏదో తక్కువైందన్న మాట.

దీపం ఎడమ పక్క పెట్టాను. నేను కుడిచేత్తో పని చేస్తాను. దీపం కుడి పక్కనుంటే నా చేతి నీడే పని మీద పడుతుంది. ఎడమచేతి వాటం వాళ్లు కుడి పక్క పెట్టుకోవాలి.

బల్లను కాపాడుకోవడం

చెద మనకు పెద్ద శత్రువు. మట్టి నేల మీద కాళ్లు నేరుగా పెట్టకండి. కాలికొక కడప బండ ముక్క వెయ్యండి. బల్లను గోడకు ఆనించకండి. బెత్తెడు సందు వదలండి. చెద మట్టి దారి కట్టుకుంటూ వస్తుంది. సందు ఉంటే ఆ దారి కంటపడుతుంది. వెంటనే దులిపేయొచ్చు.

ఎండాకాలం చెక్క ఎండి కుంచించుకుపోతుంది. నట్లు వదులవుతాయి. అందుకని రోహిణి కార్తెలో ఒకసారి బిగించండి. వానలు తగ్గాక ఇంకోసారి చూడండి.

పని చేసేటప్పుడు చెంగు దోపుకోండి. జడ ముడి వేసుకోండి. సుత్తి కొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. మోటారు మిషను విప్పే ముందు ప్లగ్గు పీకండి. స్విచ్చి ఆపితే చాలదు.

చోటు లేకపోతే?

వెనక కూర్చున్న పిన్నమ్మ అడుగుతోంది. "మాకు షెడ్డు లేదు. ఒకటే గది. బల్ల ఎక్కడ పెట్టేది?" అంటోంది. మంచి ప్రశ్న పిన్నమ్మా.

గోడకు మన ఎత్తున ఒక పట్టె గట్టిగా బిగించండి. దానికి మడత బందులతో పలక తగిలించండి. పని ఉన్నప్పుడు పైకి లేపండి. కింద గోడ నుంచి పలక ముందు అంచుకు ఏటవాలుగా రెండు కర్రలు పెట్టండి. పని అయ్యాక పలక కిందకు వాల్చేయండి. ఇక్కడా గోడ, పలక, కర్ర కలిసి ముక్కోణమే. మట్టి గోడకు మాత్రం ఇది వద్దు. బరువుకు పట్టె ఊడి వస్తుంది. సిమెంటు గోడకే చెయ్యండి.

ఆఖరి మాట

ఇప్పుడు నేను నిలబడి పని చేస్తున్నాను. అలసిపోతే ఎత్తు పీట మీద కూర్చుంటాను. నడుము నొప్పి అంతా పోయిందని చెప్పను. ఏడేళ్ల నొప్పి ఒక్క బల్లతో పోదు. కాని పెరగలేదు. ఇప్పుడు పొద్దున మెడ తిరుగుతోంది.

ఆ జాకెట్ల ఆమె పోయిన నెల మళ్లీ మిషను తెచ్చింది. లోపలికి వచ్చింది. ముందు మిషను కింద పెట్టలేదు. ఒక చేత్తో బల్లను పట్టుకుని గట్టిగా ఊపి చూసింది. అది కదల్లేదు. అప్పుడు మిషను దాని మీద పెట్టింది. ఏమీ అనలేదు. నాకు అది చాలు.

మీరు ఇంటికి పోయి ఒక పని చెయ్యండి. నిలబడి మీ మణికట్టు ఎత్తు కొలవండి. ఆ అంకె రాసిపెట్టుకోండి. మీ బల్ల అక్కడి నుంచి మొదలవుతుంది.



మాట్లాడుకుందాం

1. అక్క చేసిన మొదటి బల్ల ఎందుకు పడిపోయింది?

2. ఐమూల పట్టె మీ ఇంట్లో ఎక్కడెక్కడ ఉంది? వెతికి చెప్పండి.

3. మీరు నేల మీద కూర్చుని చేసే పనులేవి? వాటిలో ఏవి నిలబడి చెయ్యొచ్చు?

4. ఒక పలక పొడవు 6 అడుగులు. వెడల్పు 12 అంగుళాలు. మందం 2 అంగుళాలు. అది ఎన్ని ఘనపుటడుగులు? లెక్క వెయ్యండి. (జవాబు: 1)